మరదలి చేతికి గ్లౌజులు

2023వ సంవత్సరం, వానాకాలం. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలో ఐసీయూ రెండో అంతస్తులో ఉంటుంది. అప్పటికే నేను అక్కడ ఆయాగా చేరి చాలా ఏళ్లయింది. ఇక్కడ ఆయా అనరు, మావశీ అంటారు. మరాఠీలో పిన్ని అని అర్థం. పెద్ద డాక్టరు నుంచి లిఫ్టు నడిపే అతని దాకా అందరికీ నేను మావశీనే.

ఐసీయూలో మావశీకి పనేముంటుందని బయటివాళ్లు అడుగుతుంటారు. మందులు, సూదులు, మెషీన్లు సిస్టర్లు చూసుకుంటారు. మనిషి ఒళ్లు మేం చూసుకుంటాం. కదలలేని మనిషిని కొన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి. నోరు శుభ్రం చేయాలి. మూత్రం సంచి ఖాళీ చేయాలి. నా విషయంలో ఇంకో పని కూడా ఉండేది. సాస్తి, రాజురా, మాజ్రి వైపు నుంచి వచ్చే బొగ్గుగని కుటుంబాల్లో తెలుగువాళ్లు చాలామంది. పెద్దవాళ్లకు మరాఠీ సరిగా రాదు. డాక్టరు చెప్పింది వాళ్లకు చెప్పడం, వాళ్లు చెప్పింది డాక్టరుకు చెప్పడం నా వంతు. నేనూ తెలుగు వైపు నుంచి వచ్చినదాన్నే. మంచిర్యాల పక్క ఊరు మాది. పెళ్లై ఇక్కడి దుర్గాపూర్ గని కాలనీకి వచ్చాను. అక్షరాలు మాత్రం నలభై దాటాక, అదే కాలనీలో ఒక టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను.

ఆ ఏడు మా ఐసీయూకి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. మేం మేడం అనేవాళ్లం. అంతకుముందు మా దగ్గర ఇంటివాళ్లను పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు లోపలికి పంపేవాళ్లం. వాళ్లు మంచం దగ్గర నిలబడి, ఏడ్చి, వెళ్లిపోయేవాళ్లు. మేడం ఆ పద్ధతి మార్చింది. ఇంటివాళ్లు పేషెంటు పనుల్లో చెయ్యి వేస్తే పేషెంటు త్వరగా కోలుకుంటాడని ఆమె నమ్మకం. నమ్మకంతో సరిపెట్టుకునే మనిషి కాదు. ఎంత చెయ్యి వేస్తున్నారో కొలవాలి అంది.

కొలవడానికి ఒక కాగితం తయారు చేసింది. ఇంటివాళ్లు పేషెంటుతో మాట్లాడుతున్నారా? ముట్టుకుంటున్నారా? ఒళ్లు తుడిచేటప్పుడు సాయం పడుతున్నారా? చేతులు మడిచి చాపే కసరత్తు చేయిస్తున్నారా? డాక్టరు చెప్పింది విని తిరిగి అడుగుతున్నారా? ఒక్కోదానికి మార్కు. చేయకపోతే సున్నా, కొంచెం చేస్తే ఒకటి, బాగా చేస్తే రెండు. రోజూ డ్యూటీ సిస్టర్ చూసి వేయాలి. దాన్ని అందరం స్కోరు అనేవాళ్లం.

నాకు ఆ పద్ధతి నచ్చింది. అద్దం తలుపు అవతల నిలబడి లోపలికి తొంగి చూసే మనుషులను ఏళ్ల తరబడి చూసినదాన్ని. ఇప్పుడు వాళ్లు లోపలికి వచ్చి కొడుకు మొహం తుడుస్తున్నారు, తల్లికి జడ వేస్తున్నారు. స్కోరుతో ఇంకో లాభం కూడా ఉండేది. గొంతుకు రంధ్రం పెట్టిన పేషెంట్లు కొందరు ఉంటారు. దాన్ని ట్రకియాస్టమీ అంటారు. గొట్టం గుండా ఊపిరి పీలుస్తారు, మాట రాదు. ఆ గొట్టంలో కఫం పేరుకుంటుంది. సన్నటి పైపు లోపలికి పంపి మెషీనుతో లాగేయాలి. దీన్ని సక్షన్ అంటారు. ఇంట్లో ఎవరైనా సక్షన్ నేర్చుకుని, స్కోరు బాగా ఉంటే, మేడం అలాంటి పేషెంటును ఇంటికి పంపేది. లేకపోతే నాగపూర్ పెద్దాసుపత్రికి రాసేది. అక్కడికి వెళ్లినవాళ్లు నెలల తరబడి అక్కడే ఉండేవాళ్లు. కొందరు తిరిగి వచ్చేవాళ్లు కాదు.

రాజమల్లు మా దగ్గరికి వచ్చింది అప్పుడే. సాస్తి ఓపెన్‌కాస్టు గనిలో డ్రిల్లు మెషీను మీద పనిచేసి రిటైరైన మనిషి. ఊపిరితిత్తుల నిండా దుమ్ము. దానిమీద నిమోనియా వచ్చింది. చాలా రోజులు వెంటిలేటర్ మీద, అంటే ఊపిరి ఆడించే మెషీను మీద ఉన్నాడు. తర్వాత గొంతుకు రంధ్రం పెట్టి, మెల్లగా మెషీను తీసి, గొట్టానికి ఆక్సిజన్ పెట్టారు. స్పృహ పూర్తిగా ఉంది. చెప్పింది అర్థమవుతుంది, తల ఊపుతాడు. కఫం అడ్డుపడితే మంచం కమ్మీ మీద వేలితో కొట్టి పిలిచేవాడు. మిగతా సమయంలో తలుపు వైపు చూపించేవాడు. ఇంటికి పంపమని.

ఆయనకు భార్య ఎప్పుడో పోయింది. పిల్లలు లేరు. తమ్ముడు ఓదెలు కుటుంబంతోనే ఉండేవాడు. ఓదెలు మాజ్రి వైపు గనిలో కాంట్రాక్టరు దగ్గర డంపర్ లారీ నడిపేవాడు. రోజూ ఆసుపత్రికి వచ్చేది ఓదెలు భార్య లస్మక్క. నలభై ఐదు, యాభై మధ్య వయసు. సన్నగా, ఎత్తుగా ఉండేది.

మొదటి రోజు లోపలికి పంపితే వచ్చి కర్టెన్ పక్కన నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది.

“దగ్గరికి రా చెల్లె, ఏం గాదు,” అన్నాను.

“ఈడ్నే ఉంట అక్కా.”

“ఆయన నీకేమైతడు?”

“మా బావ. మా ఇంటాయన అన్న.”

ఆ మాటతో నాకు సగం అర్థమైంది. మా వైపు చాలా ఇళ్లలో మరదలు భర్త అన్నను మామతో సమానంగా చూస్తుంది. ఆయన ముందు కూర్చోదు. ఎదురుపడి మాట్లాడదు. ముట్టుకోవడమన్న మాటే లేదు. పొరపాటున చెయ్యి తగిలితే ఆ రోజంతా మనసు బాగుండదు. ఆయన కూడా అంతే. మరదలు ఇంట్లో ఒంటరిగా ఉంటే బయటే కూర్చుంటాడు.

మిగతా సగం ఓదెలు చెప్పాడు. అతనికి ఆదివారం మాత్రమే వీలయ్యేది.

“మా ఇంట్ల ముగ్గురం ఉంటమక్కా. మా అన్న, నా పెండ్లాం ఒకరితోటి ఒకరు మాట్లాడరు. నడుమ నేను రేడియో లెక్క మోగుత.”

“నువ్వు డ్యూటీకి పోతే ఎట్ల మరి?”

“మా అన్న దర్వాజతోటి మాట్లాడుతడు. ‘ఇంట్ల నీళ్లున్నయా’ అని దర్వాజను అడుగుతడు. ఇది గిలాస తెచ్చి గద్దె మీద పెట్టి టక్కుటక్కుమని కొడతది. నీళ్లొచ్చినయని ఆయనకు ఎరుకైతది. పెండ్లైన కాడికెంచి గిదే నడుస్తుంది.”

లస్మక్క కర్టెన్ వెనక నుంచే నవ్వింది. “చెప్పినవు తియ్యి. ఊరంత చెప్పు.”

ఆ గిలాస చప్పుడు నేను కూడా విన్నాను. ఆమె రోజూ స్టీలు గిలాస ఒకటి తెచ్చుకునేది. లోపలికి రాగానే మంచం అవతలి స్టూలు మీద పెట్టి రెండుసార్లు తట్టేది. రాజమల్లు కళ్లు తెరిచేవాడు. ఆమె వైపు చూసేవాడు కాదు, పైకప్పు వైపు చూసేవాడు. కానీ మొహం మారేది. అప్పటిదాకా పరుగెత్తే గుండె మానిటర్ మీద కొంచెం నిదానించేది. ఆ మార్పు మొదట గమనించింది నేను కాదు, వైశాలి సిస్టర్.

వైశాలి సిస్టర్‌ది వరోరా దగ్గరి పల్లె. నోరు గట్టిది, మనసు మెత్తన. స్కోరు కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మేం మరాఠీలో మాట్లాడుకునేవాళ్లం. నేను తెలుగులో రాస్తున్నాను.

“మావశీ, ఈమెకు రోజూ సున్నాలే వేస్తున్నాను. మాట్లాడదు, ముట్టుకోదు. మరి ఈ టకటకను ఏ గడిలో వేయను?”

నేను మా ఆచారం చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకు చెప్తావా? మా అమ్మ ఇప్పటికీ మా పెద్దనాన్న ముందు తల మీద కొంగు తీయదు. ఆచారం నాకు తెలుసు. కాగితానికి తెలియదు, అదీ బాధ.”

సిస్టర్ కాగితం అంచున చిన్నగా రాసింది, ఈమె వస్తే పేషెంటు నెమ్మదిస్తాడని. మేడం అది చదివి మమ్మల్నిద్దరినీ పిలిచింది. కోప్పడలేదు. మొత్తం విన్నది.

“మీరు చెప్పింది నిజమే అయ్యుంటుంది,” అంది. “కానీ రేపు ఇంటికి పంపితే గొట్టం మూసుకుపోతుంది. అప్పుడు గిలాస తడితే కఫం రాదు కదా. ఎవరు తీస్తారు?”

ఓదెలు రెండు ఆదివారాలు సక్షన్ నేర్చుకున్నాడు, కానీ పగలంతా డ్యూటీలో ఉంటాడు. సెలవు పెడితే కాంట్రాక్టరు ఇంకొకరిని ఎక్కిస్తాడు. వాళ్ల కూతురు బల్లార్షాలో అత్తగారింట్లో పచ్చి బాలింత. మిగిలింది లస్మక్క. ఆమె ముట్టుకుంటేనే రాజమల్లు ఇంటికి. లేదంటే నాగపూర్. మేడం నిర్దయగా చెప్పలేదు, ఉన్న మాట చెప్పింది.

నేను లస్మక్కను బయట బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాను.

“నాగపూరల ఆయన దర్వాజతోటి మాట్లాడితే ఎవరింటరు అక్కా?” అంది. వెంటనే తనే, “ఇప్పుడు మాటనే లేకపాయె,” అంది.

“దవాఖానల ఇవన్ని చూడొద్దు చెల్లె. ఇక్కడ మగ సిస్టర్లు ఆడోళ్లకు చేస్తరు, ఆడోళ్లు మగోళ్లకు చేస్తరు.”

“వాళ్లు వేరక్కా. వాళ్లు రేపు ఇంటికి పోయినంక ఆయన మొకం చూడరు. నేను చూడాలె. ఆయన నా మొకం చూడాలె. ముట్టినంక ఎట్ల చూసుకుంటం?”

లేచి నిలబడి, “ఒక్కసారి ఆయన్నే అడుగు,” అంది.

నేను మంచం దగ్గరికి వెళ్లి అడిగాను. “అన్నా, ఇంటికి పోవాలంటే గొంతుల నుంచి కఫం తీసేటోళ్లు ఉండాలె. ఓదెలు డ్యూటీకి పోతడు. లస్మక్క నేర్చుకుంటనంటుంది. సరేనా?”

రాజమల్లు కళ్లు మూసుకున్నాడు. తల అటు తిప్పేశాడు. కర్టెన్ పక్కన లస్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి చూస్తోంది.

“చూసినవా? ఆయనకిష్టం లేదు,” అంది. ఆ రోజు గిలాస తట్టకుండానే వెళ్లిపోయింది.

తర్వాత రెండు మూడు రోజులు నాగపూర్ మాట నడిచింది. అక్కడ మంచం ఖాళీ కావాలని ఎదురు చూస్తున్నాం. అలాంటి ఒక పొద్దున వైశాలి సిస్టర్ రాజమల్లుకు సక్షన్ చేస్తోంది. లస్మక్క కర్టెన్ దగ్గరే ఉంది. సిస్టర్ డబ్బాలోంచి గ్లౌజులు తీసి తొడుక్కోవడం, పని కాగానే తీసి బుట్టలో పడేయడం చూసింది. నన్ను పక్కకు పిలిచింది.

“అక్కా, ఆ రబ్బరుయి చేతికి ఏస్కుంటే ముట్టినట్టా, ముట్టనట్టా?”

నాకు నవ్వు వచ్చింది. “తోలు తోలుకు తగలదు కద. ముట్టనట్టే.”

సిస్టర్‌కు చెప్తే ఆమె కూడా నవ్వింది. “సక్షన్‌కు గ్లౌజులు ఎలాగూ వేసుకోవాల్సిందే. లేకపోతే ఇన్ఫెక్షన్ వస్తుంది. వేసుకోమను. ఒకటి కాదు, రెండు జతలు వేసుకోమను.”

నేను మళ్లీ రాజమల్లు దగ్గరికి వెళ్లాను. “అన్నా, చేతికి గ్లౌజులు ఏస్కుంటదట. నడుమ రబ్బరు ఉంటది,” అన్నాను. ఆయన చాలాసేపు పైకి చూశాడు. తర్వాత తల నిలువుగా ఊపాడు. మూతి కొంచెం వంకర పోయింది. ఆ మనిషి నవ్వడం అంతకుముందు నేను చూడలేదు.

మా అందరికీ పెద్ద చిక్కు విడిపోయినట్టే అనిపించింది. మరాఠీ సిస్టరు, తెలుగు మావశీ, చదువుకున్న మేడం, అందరం సంతోషపడ్డాం. గ్లౌజులు దేనికో మాకు ఒక అర్థం, లస్మక్కకు ఇంకో అర్థం. రెండు అర్థాలతోనూ పని నడుస్తోంది కాబట్టి ఎవరమూ దాన్ని కదపలేదు.

లస్మక్క నేర్చుకోవడం చూడాల్సిందే. మొదటి రోజు పైపు కింద పడేసింది. వంగి తీయబోతే సిస్టర్ కేకేసింది, కింద పడింది వాడకూడదని. లస్మక్క నా వైపు తిరిగి, “ఇంట్ల గంటె కిందపడితే కడుక్కొని ఏస్తం. ఈడ బొత్తిగ పారేస్తరు. ఎంత నష్టం,” అంది. నాలుగో రోజుకల్లా పైపు ఎంత లోపలికి పంపాలో, ఎంతసేపు ఉంచాలో చేతికి వచ్చేసింది. లోపల పైపు ఉన్నప్పుడు మనిషికి ఊపిరి ఆడదు, అందుకే త్వరగా తీయాలి. ఆమె తన ఊపిరి కూడా బిగపట్టేది. తనకు ఆగనప్పుడు ఆయనకూ ఆగదని ఆమె లెక్క. ఆ పద్ధతి ఎవరూ నేర్పలేదు. మేడం చూసి మెచ్చుకుంది.

సక్షన్‌తో ఆగలేదు. ఒళ్లు తుడిచేటప్పుడు నాతో పాటు చెయ్యి వేసింది. మోచేతులు మడిచి చాపే కసరత్తు చేయించింది. అన్నీ గ్లౌజులతోనే. గ్లౌజులు అక్కర్లేని పనులకు కూడా వేసుకునేది. చేతులు చెమటకు నానిపోయి తెల్లబడేవి. ఆమె పనిచేస్తున్నంతసేపు రాజమల్లు కళ్లు గట్టిగా మూసుకునేవాడు. ఆమె పని ముగించి, గ్లౌజులు పారేసి, కర్టెన్ దగ్గరికి వెళ్లి నిలబడితే అప్పుడు తెరిచేవాడు. వాళ్లిద్దరూ మాట మాట్లాడుకోకుండానే అలా ఒప్పందం చేసుకున్నారు.

“ఎట్లున్నది చెల్లె?” అని ఒకరోజు అడిగాను.

“గ్లౌజులల్ల నుంచి గూడ ఒంటి ఏడి తెలుస్తదక్కా,” అంది. అంతే అంది.

స్కోరు పెరిగింది. సున్నాలు ఒకట్లయ్యాయి, ఒకట్లు రెండ్లయ్యాయి. మాట్లాడే గడిలో మాత్రం సున్నా ఉండేది. మిగతా అన్నింట్లో పూర్తి మార్కులు. మేడం వేరే పేషెంట్ల ఇంటివాళ్లను పిలిచి లస్మక్క ఎలా చేస్తోందో చూడమనేది. లస్మక్క సిగ్గుపడి నా వెనక దాక్కునేది.

ఇంటికి పంపడానికి రోజు ఖాయమైంది. ఓదెలు ముందు గదిలో మంచం వేయించాడు. ఇంటికి వాడే సక్షన్ మెషీను తెచ్చి, అది నడుస్తుందో లేదో చూశానని చెప్పాడు. “ఇక మా ఇంట్ల ఈ మెషీన్ గూడ మోగుతది. నా రేడియోకు పోటీ,” అన్నాడు. రాజమల్లు తలుపు వైపు చూపించడం మానేశాడు. వెళ్తానని నమ్మకం కుదిరింది కాబోలు.

వెళ్లాల్సిన రోజుకు ముందటి మధ్యాహ్నం. బయట ముసురు. ఐసీయూలో పని కొంచెం తెరిపిగా ఉంది. నేను పక్క మంచం దగ్గర మూత్రం సంచి ఖాళీ చేస్తున్నాను. లస్మక్క అప్పుడే సక్షన్ ముగించి గ్లౌజులు తీసి పారేసింది. ఎప్పటిలా కర్టెన్ వైపు అడుగు వేసింది.

రాజమల్లు కళ్లు తెరిచే ఉన్నాడు. ఆ రోజు మూసుకోలేదు. ఆమె వైపే చూస్తున్నాడు. కమ్మీ తట్టలేదు. కుడి చెయ్యి పక్క మీద నుంచి లేపాడు. అరచెయ్యి పైకి ఉంది. ఆమె వైపు చాపాడు.

లస్మక్క ఆ చేతిని చూసింది. తన చేతులు చూసుకుంది.

“ఆగుండ్రి బావా, ఏస్కుంట,” అంది.

ఆమె ఆయనతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే. మంచం పక్కనున్న డబ్బాలో చెయ్యి పెట్టింది. ఖాళీ. కౌంటరు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ కొత్త డబ్బా చింపి, ఒకటి తొడుక్కుంటూ రెండోది చేతిలో పట్టుకుని వెనక్కి వచ్చింది. నేను సంచి కింద పెట్టి అటు వెళ్లేసరికే ఆయన చెయ్యి దుప్పటి మీద పడిపోయింది. మానిటర్ మోగుతోంది. సిస్టర్లు, మేడం పరుగెత్తుకొచ్చారు. కర్టెన్ లాగారు. లస్మక్కను నేను బయటికి తీసుకుపోయాను. ఆమె ఒక చేతికి గ్లౌజు ఉంది, ఇంకో చేతికి లేదు.

చాలాసేపు ప్రయత్నించారు. రాజమల్లు దక్కలేదు.

మేడం స్వయంగా వచ్చి చెప్పింది. గుండె ఆగిపోయిందని, గొట్టం శుభ్రంగానే ఉందని, లస్మక్క చేసిన సక్షన్‌లో ఏ లోపం లేదని, ఆ క్షణంలో అక్కడ ఎవరున్నా ఆపలేకపోయేవాళ్లని. నేను ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పాను. లస్మక్క తల ఊపింది. ఓదెలు డ్యూటీ బట్టలతోనే వచ్చాడు, బూట్ల నిండా బురద. అన్న మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు. రేడియో లాంటి ఆ మనిషి ఆ రోజు ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు వైశాలి సిస్టర్ ఆ రోజు స్కోరు కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. ముట్టుకోవడం, తుడవడం, కసరత్తు, డాక్టరుతో మాట్లాడడం, అన్నీ రెండ్లే. మాట్లాడే గడి దగ్గర పెన్ను ఆగింది.

“ఏమంది మావశీ ఆమె?”

చెప్పాను. సిస్టర్ ఆ గడిలో కూడా రెండు వేసింది. లస్మక్కకు అన్ని గడులూ నిండిన రోజు అదొక్కటే. సిస్టర్ కాగితం మడిచి ఫైల్లో పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్లింది.

కొన్ని వారాల తర్వాత మరణ ధ్రువపత్రం కోసం ఓదెలు, లస్మక్క ఆసుపత్రికి వచ్చారు. ఓదెలు కింద లైన్లో నిలబడ్డాడు. లస్మక్క పైకి వచ్చింది. కొంగు తల మీద లేదు. ఇక ఎవరి ముందు వేసుకోవాలి? మెట్ల దగ్గర ఇద్దరం కూర్చున్నాం.

“బావను ఇంటికాడ పండుకోబెట్టినంక అందరు కాళ్లు మొక్కుతుండ్రు,” అంది. “నేను దూరం నుంచే మొక్కుతున్న. మా చిన్నత్త అన్నది, సచ్చినోనికి వావేందే, దగ్గరికి పోయి ముట్టి మొక్కు అని. పోయి ముట్టిన.”

ఆగింది. తన అరచేతులు చూసుకుంది.

“సల్లగున్నయక్కా. నాకు ఒంటి ఏడి యాదికుండె. ఆ ఏడి అనుకొని ముట్టిన.”

కింద నుంచి ఓదెలు పిలుస్తున్నాడు. ఆమె లేవలేదు.

“అక్కా, నువ్వు పక్కనే ఉంటివి. ఆయన కఫం తియ్యమన్నడా, చెయ్యి పట్టుకొమ్మన్నడా?”

“నాకు తెల్వది చెల్లె,” అన్నాను.

“నాకు గూడ తెల్వకుంటే బాగుండు,” అంది. కొంగు సర్దుకుని మెట్లు దిగి వెళ్లింది.

మేడం తన లెక్కలన్నీ ఒకచోట చేర్చేటప్పుడు నన్ను పిలిచి అడిగింది, రాజమల్లు కాగితాలు ఉంచాలా, పక్కన పెట్టాలా అని. మనిషి బతికి ఇంటికి వెళ్లలేదు కాబట్టి కాదు. “అందరికంటే ఎక్కువ పెరిగిన స్కోరు ఇదే మావశీ. కానీ దీన్ని చూస్తే నాకు మంచిగా అనిపించడం లేదు,” అంది. ఉంచమన్నాను. లస్మక్క చేసిన పని నిజం. ఊపిరి బిగపట్టి నేర్చుకున్నది నిజం. అది లెక్కలోకి రాకపోతే అది కూడా అన్యాయమే. మేడం ఉంచింది. కాగితంలో కొత్తగా ఒక ప్రశ్న కలపాలని చాలాసార్లు కూర్చుంది, ఇంట్లో మీ ఇద్దరి మధ్య పద్ధతి ఏమిటి అని. దానికి సున్నా, ఒకటి, రెండు ఎలా వేయాలో తేలక వదిలేసింది. ఆమెను తప్పుపట్టను. నన్ను వేయమన్నా నేనూ వేయలేను.

ఆ తర్వాత కూడా ఎందరో ఇంటివాళ్లకు గ్లౌజులు తొడుక్కోవడం చూపించాను. వేళ్లు ఎలా దూర్చాలో, బయటివైపు ముట్టకుండా ఎలా తీయాలో చూపిస్తాను. రాజమల్లు పోయినప్పటి నుంచి ఇంకో మాట కూడా చెప్తున్నాను. గ్లౌజులు కఫానికి, నెత్తురుకు, పుండ్లకు. చెయ్యి పట్టుకోవడానికి అవసరం లేదు. మనిషి చెయ్యి చాపితే అలాగే పట్టుకోండి, తర్వాత కడుక్కోవచ్చు. కొందరు సరేనంటారు. కొందరు మరదళ్లు, కోడళ్లు తల దించుకుంటారు, నేను బలవంతపెట్టను. లస్మక్కకు చెప్పినా వినేదో లేదో నాకు తెలియదు. చెప్పడానికి మాత్రం మాకు ఆ వానాకాలమంతా ఉండింది.